సైకిలు పందెపు వ్యాఖ్యానము – ఆంగ్ల పదార్థగ్రహణము

ఉత్తమవృద్ధుడు 'గోవును తెమ్ము' అనును. మధ్యమవృద్ధుడు పోయి గోవును తెచ్చును. ప్రక్కన నిలిచి చూచుచున్న బాలునకు ఆ వాక్యమంతటికి ఈ పని అర్థమని మాత్రము తోచును. అందు ఏ పదమునకు ఏది అర్థమో తెలియదు. పిమ్మట 'గోవును కట్టుము, గుఱ్ఱమును తెమ్ము' అను మాటలు అతని చెవిని బడును. ఒక పదము తొలగి మఱియొకటి వచ్చుటయు, దానికి తగినట్లు పని మారుటయు గమనించి బాలుడు ఏ పదమునకు ఏది అర్థమో విడదీసికొనును. దీనినే మన శాస్త్రకారులు వృద్ధవ్యవహారమనిరి. పదముల చేర్పును తీసివేతను ఆవాపోద్వాపములనిరి. వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివృతి, సిద్ధపదసాన్నిధ్యము అని శక్తిగ్రహమునకు ఉపాయములు ఎనిమిది చెప్పబడినను, వానిలో వ్యవహారమే ముఖ్యమని పెద్దల అభిప్రాయము.

ఆంగ్లమును నేర్చుకొను మన విద్యార్థికి వ్యాకరణమునకు కొదవలేదు. కోశములకు అసలే కొదవలేదు. కొఱవడినది వ్యవహారము. 'అటాక్' అనగా దాడి, 'బ్రిడ్జి' అనగా వంతెన, 'డ్రాప్' అనగా చుక్క అని రెండు వరుసలుగా వ్రాసికొని వల్లించిన విద్యార్థి, ఆ మాటలు జీవించుచున్న వాక్యమొకటి వినగానే దిక్కు తోచక నిలుచును. ఈ లోటును తీర్చుటకు ఎన్నో సాధనములు కలవు. వానిలో ఎవరును పెద్దగా తలపోయని యొకదానిని, అనగా ఐరోపా ఖండమున జరుగు వృత్తి సైకిలు పందెములకు ఆంగ్లమున చెప్పబడు ప్రత్యక్ష వ్యాఖ్యానమును, పదార్థవిచార దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

విశ్వవిద్యాలయ పత్రికలో సైకిలు పందెమేమి అని కొందఱికి నవ్వు రావచ్చును. క్రికెట్టు ఉండగా ఇది యెందుకని మఱికొందఱు అడుగవచ్చును. ఆ రెండవ ప్రశ్నకు సమాధానము ఆ ప్రశ్నలోనే కలదు. ఆంగ్లమున ఒక్క వాక్యమైనను కూర్పలేని పల్లెటూరి బాలుడు 'ఓవరు', 'వికెట్టు', 'రనౌటు' అను మాటలను ఎన్నడును తప్పుగా వాడడు. వానిని అతడు ఏ కోశమునను చూడలేదు. ఆటను చూచుచు విన్నాడు. వ్యవహారము ఎంత బలమైన ఉపాయమో దీనివలన తేటపడును. కాని ఆ మాటలు ఇప్పటికే తెలుగు మాటలైపోయినవి. వానివలన క్రొత్తగా నేర్చునది స్వల్పము. సైకిలు పందెమన్ననో మనలో పెక్కుమందికి క్రొత్త. దానిముందు కూర్చున్న విద్యార్థి నిజముగా గోవును చూచుచున్న బాలుని స్థితిలో నుండును.

ఈ పందెములలో ప్రసిద్ధమైనది టూర్ ద ఫ్రాన్సు. 1903లో 'లోటో' అను ఫ్రెంచి వార్తాపత్రిక తన చందాదారులను పెంచుకొనుటకై దీనిని ఆరంభించినది. రేడియో ప్రసారములు లేని ఆ కాలమున పందెమును చూచినవారు దారి ప్రక్కన నిలిచిన కొలదిమంది; తక్కినవారందఱును దానిని చదివినవారే. కావున ఈ క్రీడ పుట్టుకనుండియు మాటలనే నమ్ముకొన్నదని చెప్పవచ్చును. నేడు ఇది మూడు వారములపాటు, ఇరువదియొక్క దశలుగా, సుమారు 3,400 కిలోమీటర్లు సాగును. ఒక్కొక్క దశ నాలుగైదు గంటలు పట్టును. 2017 మొదలుకొని ప్రతి దశయు ఆరంభమునుండి అంతము వఱకు టెలివిజనులో ప్రత్యక్షముగా ప్రసారమగుచున్నది.

ఈ దీర్ఘత్వమే మన పనికి పనికివచ్చు గుణము. ఫుట్‌బాలులో బంతి మాటకంటె వేగముగా పరుగెత్తును. వ్యాఖ్యాత పేరు పలుకునంతలో బంతి మఱియొకని కాలికడ నుండును. సైకిలు పందెమున ఒక సంఘటన పది నిమిషములు, ఒక్కొక్కప్పుడు రెండు గంటలు, కన్నులయెదుట నిలిచియుండును. దానిని చెప్పు పదము మఱల మఱల వినబడును. అంతేకాదు, సాధారణముగా ఇద్దఱు వ్యాఖ్యాతలుందురు. మొదటివాడు జరుగుచున్నదానిని చెప్పును. రెండవవాడు తఱచు పూర్వము పందెములలో పాల్గొన్నవాడు. అది ఎందుకు జరిగినదో అతడు వివరించును. మొదటివానివలన వ్యవహారమును, రెండవవానివలన వివృతియు ఆప్తవాక్యమును లభించునన్నమాట.

ఒక దశ నడకను చూడుడు. బయలుదేరిన కొంతసేపటికి నలుగురైదుగురు గుంపును వీడి ముందునకు పోవుదురు. వ్యాఖ్యాత దీనిని 'బ్రేక్' అనును. విద్యార్థి ఎఱిగిన 'బ్రేక్' విఱుచుట. సైకిలును నిలుపు సాధనము పేరును ఉచ్చారణలో అదియే. వ్రాతలో మాత్రము భేదము. పారిపోవుటకును ఆగిపోవుటకును చెవికి ఒకే ధ్వని! అయినను రెండు రోజులు చూచినవాడు పొరపడడు. కొండ దిగుచున్నప్పుడు వినబడిన 'బ్రేక్' ఏదియో, సమతలమున గుంపు ముందు నలుగురు కనబడుచుండగా వినబడిన 'బ్రేక్' ఏదియో ప్రకరణమే చెప్పును. నానార్థపదములకు సంయోగము, సాహచర్యము, ప్రకరణము మొదలగునవి నియామకములని భర్తృహరి చెప్పినది ఇచ్చట పాఠము చెప్పకయే బోధపడును.

ముందుపోయినవారికిని గుంపునకును నడుమనున్న కాలభేదము 'గ్యాప్'. ఇది నిమిషములలోను సెకనులలోను తెరపై అంకెలుగా కనబడుచునే యుండును. నా అభిప్రాయమున ఈ ప్రసారమున భాషావిద్యార్థికి అన్నిటికంటె విలువైనది ఈ అంకె. ఏలయన, తగ్గుట అను ఒక్క భావమునకు వ్యాఖ్యాత పదిరకముల క్రియలను వాడును. గుంపు ఇంకను సోమరిగా సాగుచు ఐదారు సెకనులు మాత్రము తగ్గించినప్పుడు గ్యాప్‌ను 'నిబుల్' చేయుచున్నారనును. అనగా ఎలుకవలె అంచులు కొఱుకుచున్నారని. నిలుకడగా దిగుచున్నచో 'కమింగ్ డౌన్'. ఒక కిలోమీటరులో అర నిమిషము పోయినచో 'టంబ్లింగ్', దొర్లిపడుచున్నదని. ఇంకను వేగముగా పోయినచో 'ప్లమెట్'. సీసపుగుండువలె నిట్టనిలువుగా పడుట. కోశమున ఈ నాలుగింటికిని తగ్గుట, పడుట అను అర్థములే సన్నిహితముగా ఉండును. వానికి నడుమనున్న తారతమ్యమును కొలిచి చూపు కొలబద్ద ఏ కోశమునను లేదు. ఇచ్చట గడియారము ఆ పని చేయుచున్నది. పర్యాయపదములు నిజమునకు పర్యాయములు కావని ఉపాధ్యాయులు ఎన్నిమార్లు చెప్పినను నమ్మని విద్యార్థి, తెరపై అంకెను చూచి నమ్మును.

చివరకు గుంపు ముందువారిని పట్టుకొనును. దానికి 'రీల్ ఇన్' అనుమాట వాడుదురు. గాలమునకు చిక్కిన చేపను దారముచుట్టు త్రిప్పుచు మెల్లగా దరికి లాగుట దాని మూలార్థము. ముందుపోయినవారు దారమునకు తగులుకొన్నవారే, వారికి తెలియకున్నను అని దాని ధ్వని. ఇంత చిన్న క్రియలో ఇంత నిర్దయ ఇముడుట చూడదగినది.

ఇక పదముల పుట్టుక. ఈ క్రీడాభాషలో సగమునకు పైగా ఫ్రెంచినుండి వచ్చినట్లు వినువారికి తోచును. ముఖ్యమైన గుంపునకు 'పెలొటాన్' అని పేరు. ఫ్రెంచిలో ఇది చిన్న ఉండ, దారపుండ అను అర్థమున పుట్టి, ఉండవలె ఒత్తుగా కూడిన సైనికుల సమూహమునకు పేరైనది. ఈ మాటనే ఆంగ్లేయులు పదునేడవ శతాబ్దమున పుచ్చుకొని 'ప్లాటూన్' చేసికొనిరి. మన పోలీసు పటాలములలోని ప్లాటూను ఇదియే. తరువాతి కాలమున సైకిలు పందెముతోపాటు ఆ మూలపదమే మఱల వచ్చి, ఈమాఱు తన ఫ్రెంచి వేషమును వీడక 'పెలొటాన్'గనే నిలిచినది. యాత్ర, జాతర అను రెండు మాటలును ఒకే మూలమునుండి మనకు వచ్చి వేఱువేఱు పనులు చేయుచున్న విధమును ఎఱిగిన తెలుగు విద్యార్థికి ఈ రెండు ఆంగ్లపదముల సంబంధము ఒక్కమాటలో చెప్పవచ్చును. ఒకటి తద్భవప్రాయము, మఱియొకటి తత్సమప్రాయము.

'ఎషెలాన్' కథయు ఇట్టిదే. ఫ్రెంచిలో నిచ్చెనమెట్టు. కార్యాలయములలోని ఆంగ్లమున 'హయ్యర్ ఎషెలాన్స్' అనగా పై యధికారుల శ్రేణి. మన విద్యార్థికి ఇదియే తెలిసియుండును. పందెమున అడ్డగాలి వీచినప్పుడు దీని మొదటి రూపము కంటికి కట్టును. గాలి ప్రక్కనుండి వచ్చుచున్నప్పుడు వెనుకవాడు ముందువానికి నేరుగా వెనుక నుండిన లాభము లేదు. కొంచెము ప్రక్కకు జరిగి, అతని చాటున తలదాచుకొనవలెను. మూడవవాడు ఇంకను ప్రక్కకు జరుగును. ఇట్లు రోడ్డునకు అడ్డముగా ఏటవాలు వరుస యొకటి ఏర్పడును. ఆకాశమునుండి హెలికాప్టరు చూపినప్పుడు అది నిజముగా నిచ్చెనవలెనే కనబడును. రోడ్డు వెడల్పు పరిమితము గనుక పదిపదునైదుగురు పట్టగానే చోటు చాలదు. మిగిలినవారు అంచున ఒకరి వెనుక నొకరు చాటులేక గాలికి గుఱియగుదురు. వారిని 'ఇన్ ది గటర్' అందురు. గటర్ అనగా మురుగుకాలువ అని మాత్రమే ఎఱిగినవాడు రోడ్డు అంచునుండు నీటిబాట అని ఇప్పుడు తెలిసికొనును. కాలువలో పడినవాని దైన్యము కూడ ఆ మాటకు అంటియే యుండును.

'డొమెస్టిక్' అను మాటను విడువరాదు. తన జట్టు నాయకునికి నీళ్లు తెచ్చి, గాలికి చాటై, అవసరమైనచో తన చక్రమునే ఊడదీసి ఇచ్చు పోటీదారునకు ఇది పేరు. ఫ్రెంచిలో ఇంటి నౌకరు. టూర్ స్థాపకుడైన ఆన్రి దెగ్రాంజ్ 1911లో మొరీస్ బ్రోకో అను పోటీదారు ఇతరులకు ప్రతిఫలమునకై సాయపడెనని కోపించి, తిట్టుగా ఈ మాట వాడెను. నేడది తిట్టు కాదు. గొప్ప డొమెస్టిక్ అనిపించుకొనుట గౌరవము. వ్యాఖ్యాతలు ఆ మాటను ప్రేమతోనే పలుకుదురు. జూదగృహమును నడపువాడు అను అర్థముగల 'సభికుడు' నేడు గౌరవనీయుడైన శ్రోత అయిన తీరు మనకు తెలిసినదే. అర్థోత్కర్షకు ఆంగ్లమున ఉదాహరణము వెదకువారికి పుట్టిన సంవత్సరముతో సహా ఇచ్చట నొకటి దొఱకుచున్నది.

మఱి ఫ్రెంచి మాటలన్నియు అట్లే నిలిచినవా? లేదు. అలసి విరమించినవారిని ఎక్కించుకొనుటకు పందెము చివర వచ్చు బండిని ఫ్రెంచివారు చీపురుబండి అందురు. ఆంగ్లేయులు దానిని అనువదించి 'బ్రూమ్ వ్యాగన్' అనిరి. మొత్తము పందెమున కడపటి స్థానమందున్నవానిని ఫ్రెంచివారు రైలు చివరి పెట్టెకు వ్రేలాడు ఎఱ్ఱదీపముతో పోల్చి 'లాంటెర్న్ రూజ్' అందురు. దానిని మాత్రము ఆంగ్లేయులు అట్లే ఉంచుకొనిరి. ఒకే చోటినుండి వచ్చి ఒకే తోకను వర్ణించు రెండు మాటలలో ఒకటి భాషాంతరమై, మఱియొకటి ఆదానమగుటకు నియమము కనబడదు. వాడుకయే నియమము.

అన్యదేశ్యములకంటె విద్యార్థిని ఎక్కువగా బాధించునవి అతడు తెలిసినవనుకొన్న చిన్న ఆంగ్లపదములు. 'వీల్' అనగా చక్రమని ఎవరికి తెలియదు? కాని 'లూజ్ ది వీల్' అనినప్పుడు ఎవరి చక్రమును ఊడిపోలేదు. ముందువాని వెనుకచక్రమునకు జానెడు దూరమున అంటుకొని పోవువానికి గాలిభారము చాలవఱకు తగ్గును. ఆ చోటును 'వీల్' అందురు. దానిని పోగొట్టుకొన్నవానికి ఒక మీటరు ఎడమే పెద్ద గోడయగును. ముఖ్యార్థము బాధింపబడి, సామీప్యసంబంధమున వేఱొక అర్థము స్ఫురించుచున్నది గనుక ఇది శుద్ధమైన లక్షణ. గంగలో గొల్లపల్లె యున్నదను పాత ఉదాహరణముతోపాటు దీనిని కూడ తరగతిలో చెప్పవచ్చును.

ఆంగ్లమున 'సిట్' అను క్రియ యొకటి చాలును, ఉపసర్గవంటి చిన్న మాట అర్థమునెట్లు త్రిప్పునో చూపుటకు. 'సిట్ ఇన్' అనగా గుంపులో దాగి బలమును కాపాడుకొనుట. 'సిట్ ఆన్' అనగా ముందువాని చాటున ఉండి, తన వంతు గాలికి ఎదురు నిలువకుండుట; ఇందు నింద కలదు. 'సిట్ అప్' అనగా ప్రయత్నమును మానుట. వంగి తొక్కుచున్నవాడు ఆశ వదలినప్పుడు నిజముగానే నడుము నిటారుగా ఎత్తి కూర్చుండును. మనవాడు చేతులెత్తివేయును, అక్కడివాడు నడుమెత్తివేయును. ఆంగ్ల క్రియాసముదాయములను పట్టికగా వల్లించుటకంటె ఇట్లు దేహములను చూచి నేర్చుట మేలు. చూచినదానిని మఱచుట కష్టము.

వృత్తిపదములు మాతృభాషగలవారికి సైతము పుట్టుకతో రావు. దీనికి బహిరంగమైన సాక్ష్యమొకటి కలదు. 2003లో పారిసున టూర్ ఆరంభదినమున డేవిడ్ మిల్లర్ అను బ్రిటిషు పోటీదారు గొలుసు ఊడిపోవుటచే సెకనులో నూరింట ఎనిమిది వంతుల తేడాతో మొదటి స్థానమును కోల్పోయెను. మొదటి స్థానమువానికి పసుపు జెర్సీ దక్కును. పందెమును నడిపిన పత్రిక పసుపు కాగితముపై అచ్చగుచుండుటచే 1919లో వచ్చిన చిహ్నమిది. ఇటలీ పందెమున గులాబిరంగు కాగితపు పత్రిక మూలమున 1931లో గులాబి జెర్సీ వచ్చినది. ఆనాడు టూర్ వార్తలకు క్రొత్తగా వచ్చిన నెడ్ బౌల్టింగ్ అను ఆంగ్ల విలేకరి ప్రత్యక్షప్రసారమున మిల్లర్‌కు 'పసుపు జంపర్' చేజాఱినదని చెప్పెను. జంపర్ అన్నను జెర్సీ అన్నను కోశము ప్రకారము ఒకటే, అల్లిన పైచొక్కా. కాని చలికాలమున ఇంటిలో తొడుగు ఉన్నిచొక్కా పేరు పందెమున వినబడగానే వినువారు నవ్విరి. బౌల్టింగ్ తానే 2011లో వెలువరించిన పుస్తకమునకు ఆ తప్పునే పేరుగా పెట్టుకొనెను. 2016 నుండి బ్రిటిషు ప్రసారమున ఆ విలేకరియు, ఆ జెర్సీని పోగొట్టుకొన్న మిల్లరును ప్రక్కప్రక్కన కూర్చుండి వ్యాఖ్యానము చెప్పిరి. తప్పు పలికినపుడు సిగ్గుపడి నోరు మూసికొను మన విద్యార్థులకు ఈ కథ చెప్పదగినది.

ఇక వ్యాఖ్యాతల సొంత అలంకారములు. ఫిల్ లిగెట్, పాల్ షెర్వెన్ అను జంట చాల ఏండ్లు ఆంగ్ల వ్యాఖ్యానమునకు పర్యాయముగా నుండెను. షెర్వెన్ 2018లో మరణించెను. చివరి బలమును కూడదీసికొను పోటీదారు తన ధైర్యపు పెట్టెలో చేయి పెట్టి వెదకుచున్నాడని వారనుట ప్రసిద్ధము. ఇట్టిది వినుటకు బాగు; నేర్చుటకు కాదు. ఇది భాష సొత్తు కాదు, వ్యక్తి సొత్తు. విద్యార్థి తన పరీక్షావ్యాసమున ధైర్యపు పెట్టెను తెఱచినచో పరీక్షకుడు నివ్వెఱపోవును. అయితే ప్రతి వింతమాటయు వ్యక్తిగతము కాదు. 'డాన్సింగ్ ఆన్ ది పెడల్స్' అనునది కూడ కవిత్వమని తోచును గాని, లేచి నిలబడి తొక్కుటకు ఫ్రెంచిలో నాట్యకత్తె పేరుతో ఏర్పడిన పాత పరిభాష దానికి తోడుగా నున్నది. ఏది వ్యక్తిది, ఏది వృత్తిది, ఏది భాషది అని వేఱుపఱచుటకు ఒకే పందెమును ఇద్దఱు ముగ్గురు వేఱు వ్యాఖ్యాతల నోట వినుట తప్ప మార్గము లేదు. అందఱి నోటను వినబడినది వృత్తిది. పందెమునకు వెలుపలను వినబడినది భాషది. ఆకలిచే బలము హఠాత్తుగా ఉడుగుటకు పేరైన 'బాంక్' అను మాట బ్రిటనులో గ్రామ్యమైన వేఱొక అర్థము గలది. దానిని వినవలెను గాని సభలో అనరాదు.

లిగెట్ శక్తి అలంకారమున కాదు, వాక్యపు నడకలో కలదు. 1987 టూర్‌లో లా ప్లాన్య్ కొండపై ఐర్లండు దేశపు స్టీఫెన్ రోష్, పసుపు జెర్సీ తొడిగిన పేద్రో దెల్గాదోకు ఒక నిమిషమునకు పైగా వెనుకబడెను. కెమెరాలు ముందువారినే చూపుచుండుటచే అతడేమయ్యెనో ఎవరికిని తెలియదు. దెల్గాదో గమ్యము చేరునంతలో వెనుక మలుపున నొక రూపము కనబడెను. లిగెట్ మొదట ఎవరది యని అడిగెను. రోష్ వలె నున్నాడనెను. రోషే యని కేక వేసెను. నాలుగు సెకనుల వెనుక చేరిన రోష్ పడిపోగా ప్రాణవాయువు నందించిరి. తుదకు నలువది సెకనుల తేడాతో టూర్‌ను గెలిచెను. ప్రశ్న, సందేహము, నిశ్చయము అను మూడు మెట్లకు ఆంగ్లమున మూడు వాక్యరూపములు. అందలి పదములన్నియు ప్రాథమిక పాఠశాల బాలుడెఱిగినవే.

లోపములను దాచరాదు. వ్యాఖ్యానము ఎల్లప్పుడు వర్తమానకాలమునే పట్టుకొని వ్రేలాడును; కర్తలేని, క్రియలేని తునుకలుగా సాగును. దానినే అనుకరించువాడు వ్యాసము వ్రాయలేడు. కొన్ని మాటల సంకుచితార్థము మనసున నాటుకొని, వెలుపలి అర్థమును మఱపింపజేయు ప్రమాదమును కలదు. 'క్లాసిక్' అనగా ఒక్కరోజు సాగు ప్రాచీన పందెమని మాత్రమే ఎఱిగినవాడు సాహిత్యపు తరగతిలో చిక్కుపడును. వ్యాఖ్యాతల ఫ్రెంచి ఉచ్చారణను ప్రమాణముగా గొనుట మఱింత ప్రమాదము.

కావున ఉపాధ్యాయుడు అరగంటకు మించని భాగమును ఎన్నుకొని, మొదట ధ్వని లేక చూపి, చూచినదానిని విద్యార్థులచే తెలుగున చెప్పించి, తరువాత ధ్వనితో చూపుట మంచిది. తమకు ఏ మాట కావలసివచ్చెనో వారు ముందే ఎఱిగియుందురు గనుక ఆంగ్లపదము వినబడగానే ఖాళీగా నున్న చోట వచ్చి కూర్చుండును. పదములను అకారాదిగా వ్రాసికొనరాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటమునకై పదములను పనిముట్లను, పనులను బట్టి సేకరించిన తీరు ఇచ్చటను మార్గదర్శకము. సైకిలు భాగములు, గాలి, రోడ్డు, గుంపు రూపములు, దేహస్థితులు అని విభజించి, ప్రతి పదము ప్రక్కను అది వినబడిన సందర్భమును ఒక వాక్యమున వ్రాయవలెను. తెలుగు శాఖలోని పరిశోధకునకు ఇది మగ్గము కడనో పడవ కడనో కూర్చుండి పదములు సేకరించుటకు పూర్వాభ్యాసము కూడ అగును.

మఱునాడు అదే దశను గూర్చిన ఆంగ్ల వార్తాపత్రిక నివేదికను చదివింపవలెను. వ్యాఖ్యాత నోట 'అటాక్స్' అని వర్తమానమున పలికినది అందు 'అటాక్డ్' అని భూతకాలమున నిలుచును. 'టంబ్లింగ్' అని పడుచున్న గ్యాప్ 'హాడ్ ఫాలెన్' అని పడిపోయి యుండును. నాలుగు గంటల మాటలు నాలుగు పేరాలలో ఇముడును. ఏవి మిగిలినవో, ఏవి రాలిపోయినవో విద్యార్థి తన వ్రాతపుస్తకమున గుర్తించుకొనును. సాధారణముగా మొదట రాలునవి ధైర్యపు పెట్టెలే.